ఉత్తర చూసి ఎత్తర గంప

2025 సెప్టెంబర్ 22, సోమవారం రాత్రి. హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలి ఫ్లాట్. హాల్లో సోఫాలు గోడవారకి జరిపి, మధ్యలో ఒక పొట్టి బల్ల వేశారు. బల్ల మీద యాపిళ్లు, నల్లద్రాక్ష, దాల్చినచెక్క, సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ చుట్టి అమ్మే మొక్కజొన్న కంకులు, ఒక నల్ల కొవ్వొత్తి, ఒక తెల్ల కొవ్వొత్తి. చుట్టూ తొమ్మిది మందిమి. ఆ రాత్రి 11 గంటల 49 నిమిషాలకి సూర్యుడు భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోతాడు. ఆలోగా ఒక్కొక్కరం ఈ ఏడాది దేనికి కృతజ్ఞత చెప్పుకుంటామో, దేన్ని వదిలేస్తామో చెప్పాలి.

పండగ పేరు మేబన్. విక్కా అనే ఆధునిక మంత్రగత్తెల మతంలో ఏడాదికి ఎనిమిది పండగలు. శరద్విషువత్తు నాడు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజున, చేసుకునేది ఇది. రెండో కోతల పండగ అంటారు. ఆ రాత్రి మా మధ్య ఎక్కువసార్లు వినబడిన మాట 'బ్యాలెన్స్'. నేనూ రెండుసార్లు వాడాను.

బల్ల మీద పరిచిన దుప్పటి నాది. ఎమ్మిగనూరు చేనేత దుప్పటి, మా నాయన కొన్నది. "ఆల్టర్‌కి హ్యాండ్‌లూమ్ ఏదైనా ఉంటే తీసుకురా" అంటే బీరువాలోంచి తీసి పట్టుకెళ్లాను.

కొవ్వొత్తులు వెలిగించక ముందు మా అవ్వ వీడియో కాల్ చేసింది. మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్యలో ఉంటుంది. ముందు రోజే పెద్దల అమావాస్య. ఇంట్లో నాయనకి పెట్టుకున్నారు. నేను పోలేదు. ఆ సంగతి మీద తిట్టడానికే చేసిందేమో, బల్లని చూసి ఆగిపోయింది.

"ఏం పండగే పాపా అది?"

చెప్పాను. కోతల పండగ అవ్వా, పగలూ రాత్రీ సమానంగా ఉంటాయి, థ్యాంక్స్ చెప్పుకుంటాం.

"సరే. ఎవురికి పెట్టుకుంటాండారు?"

నా దగ్గర జవాబు లేదు. దేవతకి అనొచ్చు, ప్రకృతికి అనొచ్చు. అవ్వ అడిగింది అది కాదు. మా వైపు పండగ అంటే ఎవరికో పెట్టుకోవడం. పెద్దలకో, చేనికో, ఎద్దులకో, ఊరమ్మకో. పెట్టుకోవడం అంటే వాళ్లకి బాకీ ఉన్నామని ఒప్పుకోవడం. ఆ రాత్రి మేం తొమ్మిది మందిమి ఎవరికి బాకీ ఉన్నామో మాలో ఒక్కరికీ తెలియదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. నా స్నేహితులతో పోట్లాట కూడా. వాళ్లు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

*

ముందు ఇంకొకరితో తేల్చుకోవాల్సిన లెక్క ఉంది. మా ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగానే ఒక గుంపు వచ్చింది. ఇది మన సంస్కృతి కాదు, నవరాత్రి మొదటి రోజున విదేశీ దయ్యాల పండగేంటి అని. వాళ్లతో నాకు ఏకీభావం లేదు. ఈ వ్యాసాన్ని వాళ్లు షేర్ చేసుకోకూడదని కోరుకుంటున్నాను.

మేబన్ కొత్త పండగే. ఆ పేరు పెట్టింది ఏడాన్ కెల్లీ అనే అమెరికన్, 1970లలో, కాలిఫోర్నియాలో. విక్కా కూడా మా అవ్వ కన్నా పెద్దదేం కాదు. ఇంగ్లండ్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో రద్దు చేశాక, జెరాల్డ్ గార్డ్నర్ 1954లో 'విచ్‌క్రాఫ్ట్ టుడే' అనే పుస్తకం వేసి, మంత్రగత్తెల పాత మతం ఇంకా బతికే ఉందని ప్రకటించాడు. అయనాంతాల్నీ విషువత్తుల్నీ కలిపి ఎనిమిది పండగల చక్రం పూర్తి చేసుకున్నది 1950ల చివర్లో. ఈ మతం రాతియుగం నుంచి రహస్యంగా వస్తోందన్న కథకి ఆధారాలు లేవని చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ 1999లో 'ద ట్రయంఫ్ ఆఫ్ ద మూన్'లో విడమరిచి చూపించాడు. ఆయన రాసింది చదివి నొచ్చుకున్న పేగన్లు ఉన్నారు. అవును, మాది కొత్తదే, అయితే ఏంటి అన్నవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్లు నాకు నచ్చుతారు.

ఇక 'విదేశీ' అన్న మాట. ఐరోపాలో మంత్రగత్తెల రహస్య మతం ఉండేదని 1921లో పుస్తకం రాసి ఈ కథకి ప్రాణం పోసిన మార్గరెట్ మరే పుట్టింది కలకత్తాలో, 1863లో. గార్డ్నర్ తన ఉద్యోగ జీవితమంతా సిలోన్, బోర్నియో, మలయాలలో గడిపి 1936లో ఇంగ్లండ్ చేరాడు. ఏది ఎక్కడిదో తేల్చడం అంత సులువు కాదు. మన వినాయకుడు వీధి పందిట్లోకి వచ్చింది 1893లో తిలక్ పుణ్యాన. పాతదనం వల్ల పండగకి విలువ రాదు. ఆదోనికి దగ్గర్లో, హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం జరుగుతుంది. మాళ మల్లేశ్వరుడి విగ్రహాల కోసం ఊళ్లకి ఊళ్లు కర్రలతో తలపడతాయి, ఏటా తలలు పగులుతాయి. అది పాతది, మనది. ఆ రెండు మాటలతో అక్కడి నెత్తురు ఒప్పు అయిపోదు కదా.

కాబట్టి పరాయిది అన్న కారణంతో నేను మేబన్‌ని కాదనను. కాదనలేను కూడా. నేను అక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి.

మా నాయన 2021 మే నెలలో పోయాడు. కొడుకులు లేరు, నేనొక్కదాన్నే. తలకొరివి మా చిన్నాయన కొడుకు పెట్టాడు. ఏటా పెద్దల అమావాస్యకి వాడే పెడతాడు, నేను వెనక నిలబడి చూస్తాను. ఆ నెలసరి రోజులైతే వాకిట్లో నిలబడి చూస్తాను. మొదటిసారి మేబన్ వలయంలో కూర్చున్నప్పుడు, పోయినవాళ్ల పేరు ఎవరైనా చెప్పొచ్చు అన్నారు. అయ్యవారు లేడు, అంటూముట్టూ లేదు. నేను నాయన పేరు పైకి చెప్పాను. నా పక్కన కూర్చున్న అబ్బాయి, ఇంట్లోవాళ్లు వెలేసినవాడు, బతికున్న తన అమ్మ పేరు చెప్పి ఏడ్చాడు. మా ఊళ్లో ఆ చోటు మా ఇద్దరికీ లేదు. దాన్ని వెటకారం చేసేవాళ్లు ముందు తమ ఇంట్లో ఆడపిల్లకి పిండం ముద్ద ముట్టుకునే హక్కు ఇచ్చి వచ్చి మాట్లాడాలి.

ఇంత ఇచ్చిన పండగతో నాకెందుకు తగువు? ఆ ఇచ్చినదానికి తగ్గట్టు అది మా నుంచి ఏమీ అడగడం లేదు గనక.

*

మొదట వెలుతురు సంగతి చూద్దాం. లండన్‌లో జూన్ చివర్లో పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో ఎనిమిది గంటల లోపే. తేడా దాదాపు తొమ్మిది గంటలు. సెప్టెంబర్ 22 దాటిందంటే రోజురోజుకీ చీకటి పెరుగుతూ మీద పడుతుంది. తిండి దాచుకోవాలి, కట్టెలు పేర్చుకోవాలి. అలాంటి చోట పగలూ రాత్రీ సరిసమానంగా నిలబడిన ఒక్క రోజుకి అర్థం ఉంది. ఆదోనిలో? జూన్‌లో పగలు పదమూడు గంటలు, డిసెంబర్‌లో పదకొండు చిల్లర. తేడా రెండు గంటలు కూడా లేదు. మా అవ్వ జీవితంలో ఎప్పుడూ చీకటి పెరుగుతోందని భయపడలేదు. ఆమె భయపడింది వాన గురించి.

మాకు ఏడాది తిరిగేది వెలుతురు మీద కాదు, వాన మీద. అందుకే మా లెక్క కార్తెల లెక్క. ఈ విషువత్తు మా లెక్కలో ఎక్కడ పడుతుందో ఆ రాత్రి ఇంటికొచ్చి పంచాంగం తీసి చూశాను. ఉత్తర కార్తెలో. ఆ కార్తె సెప్టెంబర్ 13 ప్రాంతంలో మొదలై, 27 ప్రాంతంలో హస్త వచ్చేదాకా ఉంటుంది. ఉత్తర అనగానే మా వైపు ముసలివాళ్ల నోట వచ్చే సామెత ఒకటుంది: ఉత్తర చూసి ఎత్తర గంప. ఉత్తర దాకా చూడు, అప్పటికీ వాన రాకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదులు అని.

మళ్లీ చదవండి. హైదరాబాద్‌లో మేం ఇంట్లో కూర్చుని ఈ ఏడాది పండిన దానికి కృతజ్ఞత చెప్పుకుంటున్న రోజుకి, మా ఊరి భాషలో ఉన్న అర్థం ఊరు వదిలే రోజని.

సెప్టెంబర్ మూడో వారంలో నైరుతి రుతుపవనం రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లడం మొదలవుతుంది. రాయలసీమకి మాత్రం ఏడాదిలో గట్టిగా వాన పడే నెలల్లో సెప్టెంబర్ ఒకటి. పడితే పీకిన బుడ్డలు చేన్లోనే నల్లబడతాయి, విచ్చిన పత్తి తడుస్తుంది. పడకపోతే గంప. ఈ రెంటి మధ్య నిలబడ్డ రైతుకి 'బ్యాలెన్స్' అన్న మాట చెప్పి చూడండి.

విక్కా కథ ప్రకారం ఈ రోజుతో దేవుడు కృశించి చావుకి దగ్గరవుతాడు, దేవత ముసలిదవుతుంది. మా ఊరి నుంచి కాస్త పడమటికి, కర్ణాటక సరిహద్దు దాటి చూడండి. దసరా దాటాక వచ్చే పున్నమి అక్కడ సీగె హుణ్ణిమె. చేను అప్పుడు కడుపుతో ఉన్నట్టు లెక్క. వండిన తిండి గంపలో చేనికి మోసుకెళ్లి, భూమికి సీమంతం చేసి, ఆ అన్నం పైరులో చల్లుతారు. ఒకచోట భూమి ముసలిదవుతున్న రోజుల్లో ఇంకోచోట నెలలు నిండుతున్నాయి. నేల ఒకటే అయినా కాలం ఒకటి కాదు. యాపిల్ బొమ్మలతో వచ్చే రెడీమేడ్ క్యాలెండర్ని మా చేని మీద పరిచి అది ప్రకృతిని వినడం అంటే, ప్రకృతి మాట మనం ఒక్కటి కూడా వినలేదని అర్థం.

*

రెండోది కోత. ఎవరి కోత?

మా వైపు 'సుగ్గి' అనే మాట ఉంది. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలోది, కాబట్టి మా తెలుగులో ఆ మాట ఉండటం వింత కాదు. వింత ఏమిటంటే దాని అర్థం మారిపోవడం. ఇప్పుడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు "సుగ్గికి పోయినారు" అంటే వలస పోయారని. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపో, తెలంగాణకో పోయారని. పిల్లల్ని, ముసలాళ్లని, బియ్యం మూటల్ని, వంటసామాన్లని ఎక్కించుకుని బండి కదిలిందని. కోత అనే మాట వలస అనే మాటగా మారిన చోటు ఇది. పంట ఉంది, కోసే చేతులు మావే, కాకపోతే చేను ఇంకెక్కడో, ఇంకెవరిదో.

మేబన్ అన్న పేరు వెనక ఒక వేల్స్ కథ ఉంది. మేబన్ అనేవాడు మోడ్రన్ కొడుకు. పుట్టిన మూడో రాత్రికే తల్లి దగ్గర నుంచి మాయమైపోతాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లకి ఆర్థర్ మనుషులు వెతికి వెతికి జైలు గోడల వెనక నుంచి వాణ్ణి విడిపిస్తారు. పాత కథలో దీనికీ విషువత్తుకీ సంబంధం లేదు. కెల్లీ కలిపాడు. గ్రీకుల పెర్సెఫొనీ లాగా తల్లికి దూరమైన బిడ్డ కథ ఒకటి కావాలనుకున్నాడు. నాకు ఆ కలపడం తప్పనిపించదు. కానీ బిడ్డ తల్లి నుంచి విడిపోయే కథని పండగ పేరులో పెట్టుకుని, తొమ్మిది మందిమి మూడు గంటలు కూర్చుని, ఒక్కరం కూడా ఆ పేరుకి అర్థం అడగలేదు. మా వైపు సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం బళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అమ్మానాన్నలు తిరిగొచ్చేదాకా పిల్లలు అక్కడుంటారు. ఉండలేని పిల్లలు బడి మానేసి మిరప చేలకి పోతారు. మేబన్ కథ మాకు దూరంది కాదు. మేమే దానికి దూరంగా కూర్చున్నాం.

ఆ సెప్టెంబర్‌లోనే కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర కుప్పకూలింది. ప్రభుత్వం దిగి క్వింటాలు 1,200 రూపాయలకి కొనాల్సి వచ్చింది. అదీ చాలక హెక్టారుకి 50 వేలు ఇస్తామని ప్రకటించింది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఉల్లిగడ్డ కోయించిన కూలి కూడా రాదని చేన్లోనే వదిలేసినవాళ్లు ఉన్నారు. అదే వారంలో మేం రెండో కోతకి కృతజ్ఞత చెప్పుకున్నాం. మా బల్ల మీద యాపిల్ ఉంది, దాల్చినచెక్క ఉంది. ఒక్క ఉల్లిగడ్డ లేదు. వాసనొస్తుంది కదా, ఫొటోలో బాగుండదు కదా.

*

బ్యాలెన్స్ అంటే తరాజు. తులా రాశి బొమ్మ తరాజే. నాకు తెలిసిన తరాజు ఇంకొకటి ఉంది.

నాకు పదేళ్లప్పుడు నాయన బుడ్డల మూటలు అమ్మడానికి పోతూ నన్ను తీసుకెళ్లాడు. ఎక్కడ, ఎవరికి అన్నది చెప్పను. కాటా మీద మూట పెట్టారు. ముల్లు ఆగకముందే ఒకాయన అంకె చెప్పాడు, ఇంకొకాయన రాశాడు. మూటకి రెండు కేజీలు తరుగు కొట్టారు. మట్టికని, తేమకని, గోనెసంచికని. నాయన నోరు తెరిచి ఏదో అనబోయి, నా వైపు చూసి ఊరుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించాడు. తను తినలేదు. తిరిగొస్తూ ఎమ్మిగనూరులో దిగి ఒక దుప్పటి కొన్నాడు. అదే, హైదరాబాద్‌లో ఆ రాత్రి యాపిళ్ల కింద పరిచిన దుప్పటి. ఎమ్మిగనూరు నేతగాళ్ల సహకార సంఘాన్ని మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టారు. మా వైపు ఇళ్లలో దుప్పటి అంటే చాలాకాలం వాళ్ల మగ్గం మీదిదే.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి, ఆన్‌లైన్ వేలం వచ్చింది. తరుగు అన్న మాట మాత్రం పోలేదు. 2025-26కి పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. ఆ ధర పూర్తిగా రావాలంటే పత్తిలో తేమ 8 శాతం మించకూడదు. ఆపైన శాతానికింత చొప్పున కోస్తారు, 12 దాటితే కొనరు. ఉత్తరలోనో హస్తలోనో ఒక వారం ముసురు పట్టిందంటే చాలు, మీటర్ ముల్లు 12 దాటుతుంది. ఆదోనిలో సెప్టెంబర్ నెల బ్యాలెన్స్ ఆ మీటర్లో ఉంటుంది. అది ధ్యానంతో కుదరదు, దానికి ఆరబోసుకునే చోటు కావాలి, టార్పాలిన్ కావాలి, ఇంకో వారం ఆగగలిగే అప్పు కావాలి.

"ఇంత సీరియస్‌గా తీసుకుంటావేంటి, మేం లోపలి బ్యాలెన్స్ గురించి మాట్లాడుతున్నాం" అంది నా స్నేహితురాలు. లోపలిది బయటి తూకంతో సంబంధం లేకుండా ఉంటుందని నేను నమ్మను. పొద్దస్తమానం తరుగు కొట్టించుకున్న మనిషికి లోపల సమంగా ఉండదు. తరుగు కొట్టిన సరుకు తక్కువకి తిని పెరిగిన మనకి లోపల సమంగా ఉందంటే, దాన్ని కూడా అనుమానించాలి.

*

మూడోది ఆ మాట. మంత్రగత్తె.

మా తొమ్మిది మందిలో ముగ్గురి ఇన్‌స్టాగ్రామ్ పరిచయాల్లో 'విచ్' అని ఉంది. తెలుగులో 'మంత్రగత్తె' అని రాసుకున్నది ఒకరు. ధైర్యమే. తిట్టుని తీసుకుని పేరుగా పెట్టుకోవడం ఆడవాళ్ల రాజకీయాల్లో పాత పద్ధతి, మంచి పద్ధతి. కోల్‌కతాకి చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి తాను విక్కన్‌నని బాహాటంగా ప్రకటించుకుని, 'బిలవెడ్ విచ్' అని ఆత్మకథ రాసుకున్నారు. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. పల్లెల్లో డాకిని ముద్ర వేయించుకున్న ఆడవాళ్ల గురించి మాట్లాడారు, వాళ్ల దగ్గరికి పోయారు. పేరు పెట్టుకున్నందుకు ఆ పేరుతో దెబ్బలు తిన్నవాళ్లకి బాకీ పడతామని ఆమెకి తెలుసు.

నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే హత్యల పట్టికలో కారణాల కింద మంత్రవిద్యకి ఒక వరస ఉంటుంది. ఆ వరస ఖాళీగా ఉండదు. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో మంత్రగత్తె ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ చట్టాలు తెచ్చాయి. మహారాష్ట్ర నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత 2013లో తెచ్చింది. కర్ణాటక 2017లో తెచ్చింది. ఆదోని నుంచి కర్ణాటక ఎంత దూరం? ఆ చట్టం సరిహద్దు దాకా వచ్చి ఆగిపోయింది. చేతబడి చేసిందని, బాణామతి చేశాడని మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు చదువుతూ పెరిగిన మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. తెలుగులో మంత్రగత్తెనని చెప్పుకుంటున్న మనం దాని కోసం ఒక్క పిటిషన్ రాశామా? ఒక్క ఎమ్మెల్యేని అడిగామా?

మా ఊళ్లో ఒక ఒంటరి ముసలామె ఉంది. ఆమె చూపు మంచిది కాదంటారు. బాలింత ఉన్న ఇంటి ముందు ఆమె ఆగకూడదు. ఆమె ఎప్పుడూ తనని తాను మంత్రగత్తె అనుకోలేదు. అనుకుంటే బతకలేదు. మేం ఆ మాటని నగలాగా వేసుకోగలుగుతున్నాం. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ తలుపుకి డిజిటల్ తాళం ఉంది కాబట్టి.

అలాగని మా వైపు ఆడవాళ్ల శక్తిని గుర్తించడమే తెలియదా అంటే, అదీ కాదు. ఆదోనికి వెళ్లి లక్ష్మమ్మ అవ్వ అనండి. ఊళ్లో చెప్పుకునే కథ ప్రకారం ఆమె దిగంబరిగా వీధుల్లో తిరిగిన అవధూత. పిచ్చిదన్నారు. అదే ఊరు ఇప్పుడు ఆమెకి గుడి కట్టి రథం లాగుతుంది. గీత దాటిన ఆడదాన్ని పోయాక పూజించడం మాకు బాగా వచ్చు. బతికుండగా గౌరవించడమే రాలేదు. మంత్రగత్తె అన్న మాటని నిజంగా వెనక్కి తీసుకోవాలంటే పని అక్కడుంది, ఆ ముసలామె వాకిట్లో.

*

"అయితే పండగ మానేయమంటావా?" అని అడిగారు నా స్నేహితులు. లేదు. మానేయమనను. తెచ్చుకున్న పండగకి ఇక్కడి నేలలో వేరు పట్టనివ్వమంటున్నాను. వేరు అంటే బాకీ. కోతల పండగ అంటే కోసినవాళ్ల లెక్క తీసే రోజు కావాలి. బల్ల మీద పెట్టిన ప్రతి గింజా ఎవరి చేతుల్లోంచి వచ్చింది, వాళ్లకి ఎంత ముట్టింది, మధ్యలో ఎంత తరుగు పోయింది అని అడగాలి. పగలూ రాత్రీ సమానమైన రోజున ఇంట్లో పనిచేసే అక్కకి ఎంతిస్తున్నామో చూసుకోవాలి. సుగ్గి బండ్లు కదిలే కాలంలో ఆ పిల్లల హాస్టల్‌కి ఏం కావాలో ఒకసారి పోయి కనుక్కోవాలి. మంత్రగత్తె అన్న మాట వాడుకుంటున్నందుకు చట్టం కోసం గొంతెత్తాలి. ఇవేవీ చేయలేకపోతే దాన్ని పార్టీ అందాం. పార్టీలు మంచివే. కృతజ్ఞత అన్న మాట మాత్రం వాడొద్దు.

ఇంతా రాసి నన్ను నేను వదిలేసుకుంటే అబద్ధమవుతుంది. మళ్లీ వారం అవ్వకి ఫోన్ చేసి, ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను, నాయనకి పెట్టుకోవాలని ఉంది, వచ్చే ఏడు మన చేన్లో నేనే పెట్టుకుంటాను అన్నాను. తిడుతుందనుకున్నా. కాసేపు ఏమీ అనలేదు.

"పెట్టుకో. ఎవురొద్దన్నారు. ముందు మీ నాయన బాకీ కనుక్కో" అంది.

ఏం బాకీ అని అడిగాను. బ్యాంక్ అప్పు తీర్చేశాం కదా అని.

"బ్యాంకుది కాదు. ఆ ఏడు పత్తి ఏరినోళ్లకి ఆకరి కూలి ఇయ్యకముందే పాయె గదా. వాళ్లు అడగలా. మనమూ ఇయ్యలా."

నేను ఇన్నాళ్లూ కాటా ముందు నిలబడిన నాయననే గుర్తుపెట్టుకున్నాను. ఆయన తరఫునే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఆయన చీటీకి అవతలి వైపు కూడా ఉన్నాడని, ఆయన తర్వాత ఆ చోట నేనున్నానని నాకు తట్టలేదు. ఆరుగురు ఆడవాళ్లట. పేర్లు అవ్వకి తెలుసు. నలుగురికి దసరాకి పోయినప్పుడు ఇచ్చాను. నాలుగేళ్ల కిందటి కూలి రేటు కాకుండా ఇప్పటి రేటు లెక్కేసి ఇస్తే ఒకామె సగం తిరిగిచ్చేయబోయింది. "మీ నాయన మంచోడే పాపా" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

మిగిలిన ఇద్దరూ సుగ్గికి పోయారు. ఉగాదికి వస్తారట.

వచ్చే ఏడాది అధిక మాసం వస్తోంది, కాబట్టి పెద్దల అమావాస్య అక్టోబర్ 10కి జరిగింది. విషువత్తు సెప్టెంబర్ 23 తెల్లవారుజామున. రెండింటి మధ్యా పదిహేడు రోజులు. ఉత్తరలో ఒకటి, హస్త చివర ఒకటి. మేబన్‌కి రమ్మని మా తొమ్మిది మందినీ ఊరికి పిలిచాను. ఇద్దరు వస్తామన్నారు. యాపిళ్లు వద్దన్నాను.